సబ్బు కంపెనీలో పుట్టిన ఉద్యోగం

ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ అధ్యక్షుడు రిచర్డ్ డుప్రీకి ఒక పేజీ దాటిన నోటంటే గిట్టేది కాదు. ఎవరైనా పొడుగ్గా రాసి పంపితే, కుదించి తెమ్మని తిప్పి పంపేవాడు. అలాంటి కంపెనీలో, 1931 మే 13న, ప్రచార విభాగంలో పనిచేసే ఇరవై ఆరేళ్ల నీల్ మెకెల్‌రాయ్ మూడు పేజీల నోటు పెట్టాడు. పైకి చూస్తే అది మామూలు అర్జీ. పని ఎక్కువైంది, ఇంకొంతమంది మనుషుల్ని ఇవ్వండి అని అడగడం. కానీ అమెరికాలో మాంద్యం ముదిరిన రోజులవి. ఉన్నవాళ్లనే ఇళ్లకు పంపేస్తున్న కాలంలో కొత్తవాళ్లు కావాలంటే గట్టి కారణం చూపించాలి. మెకెల్‌రాయ్ చూపించిన ఆ కారణంలోంచే ఒక వృత్తి పుట్టుకొచ్చింది. మాదాపూర్ నుంచి కాలిఫోర్నియా దాకా మెడలో ‘ప్రొడక్ట్ మేనేజర్’ కార్డు వేసుకుని తిరిగే వాళ్లందరికీ మూలపురుషుడు కంప్యూటర్ మనిషి కాదు, సబ్బుల మనిషి.

ఆయన బాధంతా కేమే సబ్బు గురించి. సిన్సినాటిలోని ఆ కంపెనీకి 1879 నుంచి ఐవరీ ఉంది. నీళ్లలో తేలే తెల్ల సబ్బు, అమెరికాలో ఇంటింటికీ తెలిసిన పేరు. కేమే వచ్చింది 1926లో. ప్రకటనల డబ్బూ, పెద్దల శ్రద్ధా ఐవరీకే పోయేవి. బయట పామోలివ్‌తోనూ లీవర్ సబ్బులతోనూ తలపడాల్సిన కేమేకి ఇంట్లోనే దిక్కు లేదు. ప్రకటన రాసేవాడు అన్ని సబ్బులకూ రాస్తాడు, అమ్మేవాడు అన్ని సబ్బులూ అమ్ముతాడు, ఫ్యాక్టరీ అన్నీ తయారుచేస్తుంది. మరి ఫలానా ఊళ్లో కేమే ఎందుకు కదలడం లేదని ఎవరిని అడగాలి? ఎవరినీ అడగలేం.

ఒక్కో సబ్బుకి ఒక్కో మనిషి ఉండాలన్నాడు మెకెల్‌రాయ్. ‘బ్రాండ్ మ్యాన్’ అని పేరు పెట్టి, అతను చేయాల్సిన పనులు వరసగా రాశాడు. ఏ ప్రాంతానికి ఎన్ని పెట్టెలు వెళ్లాయో లెక్క చూడాలి. అమ్మకం బాగున్న చోట ఏం చేస్తే బాగుందో పట్టుకుని, అదే మందు వేరే చోట వేసి చూడాలి. అమ్మకం పడిపోయిన చోటికి స్వయంగా వెళ్లాలి. దుకాణదారులతోనూ వాడేవాళ్లతోనూ మాట్లాడి, జబ్బెక్కడుందో కనుక్కోవాలి. తర్వాత ఒక పథకం, దానికి కావలసిన డబ్బు లెక్క, డబ్బు ఖర్చయ్యాక ఫలితం వచ్చిందా లేదా అన్న పరిశీలన. ప్రకటనలో మాట దగ్గర నుంచి సబ్బు చుట్టిన కాగితం దాకా అతను పట్టించుకోవాలి. తేడా వస్తే నెపం అమ్మకాలవాళ్ల మీదికి నెట్టేయకూడదు.

ఈ పనుల పట్టికలో ఒకటి మాత్రం లేదు. అధికారం. ఫ్యాక్టరీ అతని మాట వినాలని రూలు లేదు, సేల్స్‌మన్లు అతని కింద లేరు, రసాయనాల ప్రయోగశాల అంతకన్నా లేదు. బాధ్యత నిండా ఉంది, హుకుం జారీ చేసే చెయ్యి మాత్రం లేదు. మూడు పేజీలైనా డుప్రీ ఈ నోటుని తిప్పి పంపలేదు. ఒప్పుకున్నాడు. ఇంట్లో సబ్బులు ఒకదానితో ఒకటి పోటీ పడటానికి కూడా ఒప్పుకున్నాడు.

వాడేవాళ్ల దగ్గరికి వెళ్లడం అన్న మాట మెకెల్‌రాయ్ గాల్లోంచి తీయలేదు. ఆ కంపెనీలో 1920లలోనే ఆ పనికో విభాగం ఉంది. దాన్ని నడిపింది పాల్ స్మెల్సర్ అనే ఆర్థికశాస్త్ర డాక్టరేట్. ఐవరీలో ఎంత శాతం ముఖానికీ చేతులకీ పోతుంది, ఎంత శాతం అంట్లకు పోతుంది అని పెద్ద ఉద్యోగుల్ని నిలబెట్టి అడిగేవాడట. దశాబ్దాలుగా ఆ సబ్బు మీద బతుకుతున్న వాళ్ల దగ్గర జవాబు ఉండేది కాదు. జవాబు కోసం ఆయన కాలేజీ చదువు చదివిన యువతుల్ని ఊళ్ల మీదికి పంపాడు. పొందికైన దుస్తులు, నెత్తిన టోపీ, చేతులకు గ్లోవ్స్. చేతిలో కాగితం గానీ పెన్సిల్ గానీ ఉండకూడదు. కాగితం చూస్తే ఇల్లాలు ఆచితూచి మాట్లాడుతుంది. కాబట్టి ఉత్తినే కబుర్లు చెబుతున్నట్టు అడగాలి, బట్టలు దేనితో ఉతుకుతారో, గిన్నెలు దేనితో తోముతారో అన్నీ గుర్తుపెట్టుకోవాలి, బయటికొచ్చి కారెక్కాక మర్చిపోకముందే రాసుకోవాలి. ఇప్పుడు ‘యూజర్ రీసెర్చ్’ అనే విద్యకు ఇంతకన్నా శుభ్రమైన రూపం దొరకడం కష్టం.

పేరు పుట్టకముందే ఈ పని చేసినవాళ్లు చాలాచోట్ల ఉన్నారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, దాన్ని జనానికి అలవాటు చేయడానికి సంగీత సభల్లో ఉచితంగా పంచిపెట్టారని చెబుతారు. గంటల తరబడి కూర్చుని తలనొప్పి తెచ్చుకునే జనం ఎక్కడ దొరుకుతారో ఆయనకు బాగా తెలిసినట్టే ఉంది. అయితే అది యజమాని పని. తన సరుకుకి తానే రాజు. మెకెల్‌రాయ్ ప్రత్యేకత ఏమిటంటే, యజమాని కానివాడి చేత యజమానిలా ఆలోచింపజేయడం.

నోటు రాసిన మనిషి 1948లో ఆ కంపెనీకే అధ్యక్షుడయ్యాడు. 1957లో ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్ ఆయన్ని రక్షణ మంత్రిగా పిలిచాడు. బాధ్యతలు తీసుకోవడానికి ముందు హంట్స్‌విల్‌లోని సైనిక రాకెట్ కేంద్రం చూడటానికి వెళ్లిన రోజునే, అక్టోబర్ 4న, సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని పైకి పంపిన వార్త వచ్చింది. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం ఎవరి రాకెట్ వాళ్లదే అని కొట్లాడుకుంటున్న సమయం అది. ఆ కొట్లాటలకు అతీతంగా పరిశోధన నడిపే ఆర్పా అనే సంస్థ 1958 ఫిబ్రవరిలో ఆయన హయాంలోనే ఏర్పడింది. ఆ సంస్థ డబ్బుతోనే 1969లో ఆర్పానెట్ మొదలైంది, అదే ఇంటర్నెట్‌కు పునాది. సబ్బులు అమ్మినాయన సాఫ్ట్‌వేర్ ప్రొడక్ట్ మేనేజర్లకు ఉద్యోగమే కాదు, ఒకరకంగా సరుకు కూడా సిద్ధం చేసి వెళ్లాడు.

అధికారం లేని బాధ్యత అన్న ఆలోచన జపాన్‌లో వేరే దారిన వచ్చింది. టయోటా 1952లో పూర్తి స్వదేశీ కారు చేయాలని పూనుకున్నప్పుడు, ఆ కారు మొత్తానికి కెన్యా నకమురా అనే ఇంజినీరును ‘షుసా’గా, అంటే బాధ్యుడిగా పెట్టింది. అప్పటి జపాన్‌లో సొంత కారు కొనే స్తోమత ఉన్నవాళ్లు తక్కువ. కార్లకు అసలు గిరాకీ టాక్సీ కంపెనీల నుంచి. అందుకే కారు ఎలా ఉండాలో తెలుసుకోవడానికి వాళ్ల దగ్గరికే వెళ్లారు. 1955 జనవరిలో వచ్చిన క్రౌన్ కారుకి వెనక తలుపులు మధ్య స్తంభం దగ్గర నుంచి, గుడి తలుపుల్లా రెండువైపులకీ తెరుచుకుంటాయి. ఎక్కి దిగే ప్రయాణికుడికి సుఖం. ముందు చక్రాలకు కొత్తరకం సస్పెన్షన్ పెట్టారు. టాక్సీవాళ్లు గతుకుల రోడ్ల మీద దాన్ని నమ్ముతారో లేదోనన్న భయంతో, పాతకాలపు గట్టి ఇరుసుతో మాస్టర్ అనే ఇంకో కారు కూడా అదే నెలలో దించారు. టాక్సీవాళ్లు క్రౌన్‌నే మెచ్చారు. మరుసటేడాది మాస్టర్ ఆగిపోయింది. షుసా కింద ఇంజిన్ విభాగం లేదు, బాడీ విభాగం లేదు. అందర్నీ ఒప్పించి పని చేయించుకోవాలి, కారు బాగా రాకపోతే మాట మాత్రం తనే పడాలి. ఇప్పటికీ టయోటా కార్లు ఇదే పద్ధతిలో తయారవుతున్నాయి.

అమెరికాలో ఎలక్ట్రానిక్స్ కంపెనీలు ఇంకో రకం. హ్యూలెట్ ప్యాకార్డ్‌లో కొలత పరికరాలు చేసే ఇంజినీరుకి వాడేవాణ్ని వెతుక్కుంటూ పోవాల్సిన అవసరం ఉండేది కాదు. పక్క బల్ల దగ్గర కూర్చున్న ఇంజినీరే వాడేవాడు. వాడికి నచ్చితే లోకానికి నచ్చినట్టే. బిల్ హ్యూలెట్ చొక్కా జేబులో పట్టే సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ కావాలన్నప్పుడు, అంత ధరకి అది అమ్ముడుపోదని మార్కెట్ అధ్యయనం చెప్పింది. ఆయన వినలేదు. 1972లో హెచ్‌పీ-35ని 395 డాలర్లకు పెట్టారు. పదివేలు అమ్ముడైతే గిట్టుబాటు అనుకున్నది, మొదటి ఏడాదిలోనే లక్ష పోయాయి. ఈ కథ చెప్పి సర్వేలన్నీ దండగ అనేవాళ్లున్నారు. వాళ్లు మర్చిపోయేదేమిటంటే, ఆ క్యాలిక్యులేటర్ కొన్నది కూడా ఇంజినీర్లే. మనిషి తనలాంటి వాడికే వస్తువు చేస్తున్నంత కాలం ఈ పద్ధతి ఢోకా లేకుండా సాగుతుంది.

ఇంజినీరు కాని వాళ్ల ఇంట్లోకి కంప్యూటర్ వచ్చాకే చిక్కొచ్చింది. ఆ చిక్కు విప్పడానికి సబ్బు కంపెనీ చదువే పనికొచ్చింది.

స్కాట్ కుక్ 1970లలో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్‌లో క్రిస్కో అనే వంట కొవ్వుకి బ్రాండ్ పని చూసినవాడు. నెల నెలా బిల్లులు కట్టే పని విసుగ్గా ఉందని భార్య అనడంతో, దానికో సాఫ్ట్‌వేర్ ఎందుకు ఉండకూడదన్న ఊహ వచ్చింది. తనకు ప్రోగ్రామింగ్ రాదు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి వెళ్లి, అక్కడ టామ్ ప్రూ అనే విద్యార్థిని పట్టుకున్నాడు. 1983లో ఇద్దరూ కలిసి ఇంట్యూట్ పెట్టారు. అప్పటికే ఇలాంటి సాఫ్ట్‌వేర్లు 46 ఉన్నాయని, తమది 47వదని కుక్ తర్వాత జోకు వేసేవాడు. ఆ 46లో లేనిది ఒక్కటే. వాటిని చేసినవాళ్లెవరూ మామూలు మనిషి వాటితో అవస్థపడుతుంటే పక్కన కూర్చుని చూడలేదు. కుక్ చూశాడు. పాలో ఆల్టోలోని మహిళా సంఘం నుంచి, కంప్యూటర్ ముట్టని వాళ్లను పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టి, స్టాప్‌వాచ్ నొక్కాడు. తెర మీద చెక్కు అచ్చం చెక్కులాగే కనబడేలా క్వికెన్ తయారైంది.

అక్కడితో ఆగలేదు. ఇంట్యూట్ ఉద్యోగులు సాఫ్ట్‌వేర్ దుకాణాల్లో కాపు కాసేవాళ్లు. ఎవరైనా క్వికెన్ పెట్టె కొంటే మర్యాదగా దగ్గరికెళ్లి, మీతో పాటు మీ ఇంటికి రావచ్చా అని అడిగేవాళ్లు. ఒప్పుకుంటే ఇంటికెళ్లి వెనక కూర్చునేవాళ్లు. నియమం ఒక్కటే. సాయం చేయకూడదు. ఆయన పెట్టె విప్పుతాడు, డిస్కు పెడతాడు, ఒకచోట తికమకపడి ఆగిపోతాడు. అక్కడ నొక్కండి అని చెప్పాలని ఎంత నాలుక దురద పెట్టినా నోరు మూసుకుని, ఆగిన చోటు గుర్తుపెట్టుకోవాలి. ఆ తికమక కొన్నవాడి తప్పు కాదు, చేసినవాడి తప్పు.

ఇలా చూడటం వల్ల దొరికిన పెద్ద నిధి క్విక్‌బుక్స్. క్వికెన్ కొన్నవాళ్లలో దాదాపు సగం మంది దాన్ని వ్యాపారానికి వాడుతున్నామని సర్వేలో చెప్పారు. ఇంటి ఖర్చుల సాఫ్ట్‌వేర్‌ని కొట్టుకి వాడటమేమిటని కంపెనీ మొదట పట్టించుకోలేదు. తీరా వెళ్లి చూస్తే, చిన్న దుకాణాలవాళ్లు నిజంగానే దానిమీద జమాఖర్చులు నడుపుతున్నారు. వాళ్ల కోసమే చేసిన అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లు బజార్లో ఉండగా ఇదెందుకు? వాటికి డెబిట్, క్రెడిట్ తెలియాలి. వీళ్లకు తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా లేదు. 1992లో అకౌంటింగ్ రానివాళ్ల కోసం అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఇంట్యూట్‌కి ఇవాళ్టికీ పెద్ద ఆదాయాల్లో అదొకటి.

ఇంట్యూట్ మొదలైన కాలంలోనే మైక్రోసాఫ్ట్‌లో, మ్యాకింటాష్ కోసం ఎక్సెల్ తయారయ్యేటప్పుడు, జేబ్ బ్లూమెంటల్ అనే ఆయన ‘ప్రోగ్రామ్ మేనేజర్’ అనే కొత్త పాత్రలోకి దిగాడు. కోడ్ రాసేవాళ్లు కోడ్‌లో మునిగి ఉంటారు. వాడేవాడి తరఫున ఆలోచించి, ఏ బటన్ నొక్కితే ఏం జరగాలో ముందే కాగితం మీద పెట్టేవాడు ఒకడుండాలి. 1990లలో నెట్‌స్కేప్‌లో బెన్ హొరోవిట్జ్, డేవిడ్ వైడెన్ కలిసి, మంచి ప్రొడక్ట్ మేనేజర్ ఎలా ఉంటాడో చెడ్డవాడు ఎలా ఉంటాడో చెప్పే నోటు రాశారు. ప్రొడక్ట్ మేనేజర్ అంటే ఆ ప్రొడక్ట్‌కి సీఈఓ అన్న మాట దాంతోనే జనంలోకి వెళ్లింది. ఈ వృత్తికి అంతకన్నా చెరుపు చేసిన మాట ఇంకోటి లేదనిపిస్తుంది. సీఈఓ ఎవరినైనా ఉద్యోగంలోంచి తీసేయగలడు. ప్రొడక్ట్ మేనేజర్ పక్క సీటు ఇంజినీరుకి అరపూట సెలవు కూడా మంజూరు చేయలేడు.

పద్ధతుల సంగతి చూస్తే, ఇప్పుడు ఈ వృత్తివాళ్ల నోట నానే మాటల్లో చాలావరకు ఫ్యాక్టరీల నుంచి అరువు తెచ్చుకున్నవే. 1986లో హిరోటాకా తకెయుచి, ఇకుజిరో నొనాకా హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక వ్యాసం రాశారు. హోండా, కెనన్, ఫ్యూజీ జిరాక్స్ లాంటి కంపెనీల్లో కొత్త వస్తువు ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి చేతులు మారదని, అన్ని విభాగాల వాళ్లూ ఒకే జట్టుగా రగ్బీ ఆటలోలా ముందుకు తోసుకుపోతారని అందులో చూపించారు. ఆ రగ్బీ పదమే ‘స్క్రమ్’. జెఫ్ సదర్లాండ్, కెన్ ష్వేబర్ దాన్ని 1995లో సాఫ్ట్‌వేర్ పద్ధతిగా లోకానికి పరిచయం చేశారు. చేయాల్సిన పనుల పెద్ద జాబితా బ్యాక్‌లాగ్ అయింది, దాని వరస తేల్చేవాడు ప్రొడక్ట్ ఓనర్ అయ్యాడు. ఓనర్ అన్నారే గానీ, ఇక్కడా ఆస్తి హక్కులేమీ లేవు.

జాబితాలో ఏది ముందు, ఏది వెనక? ఈ తగువు తీర్చే సూత్రాలు డజన్ల కొద్దీ ఉన్నాయి. పనికొచ్చేది మాత్రం జపాన్ ప్రొఫెసర్ నోరియాకి కానో 1984లో చెప్పినది. అది అర్థం కావాలంటే ఇడ్లీ బండి చాలు. చట్నీ వేశారని ఎవరూ మెచ్చుకోరు, వేయకపోతే మాత్రం మళ్లీ ఆ దారి తొక్కరు. ఇడ్లీ ఎంత మెత్తగా ఉంటే అంత మెప్పు. అడక్కుండానే కారప్పొడి మీద నెయ్యి వేస్తే పదిమందికి చెబుతారు. అదే నెయ్యి ఆర్నెల్లు రోజూ వేస్తే, అది కూడా చట్నీలా అయిపోతుంది. మొదటి రకాన్ని మరిచి మూడో రకం వెంట పడటం కొత్త కంపెనీల జబ్బు. రెండో రకంలోనే ఉండిపోవడం పాత కంపెనీల జబ్బు.

కట్టకముందే కొలిచి చూసుకోవడంలో జెఫ్ హాకిన్స్‌ని మించినవాడు లేడు. ఆయన పామ్ కంపెనీ 1993లో జూమర్ అనే చేతి కంప్యూటర్‌తో దెబ్బతింది. రెండోసారి సర్క్యూట్ల జోలికి పోకముందు, గ్యారేజీలో చొక్కా జేబుకు పట్టేంత కొయ్యముక్క చెక్కాడు. పైన బటన్ల బొమ్మ ముద్రించిన కాగితం అంటించాడు. చైనావాళ్లు అన్నం తినే పుల్లని చెక్కి పెన్ను చేసుకున్నాడు. మీటింగ్‌లో ఎవరైనా వచ్చేవారం ఖాళీనా అంటే, జేబులోంచి కొయ్యముక్క తీసి, పుల్లతో దానిమీద తట్టి, చూసుకున్నట్టు నటించేవాడు. చూసేవాళ్లకు పిచ్చిలా ఉండొచ్చు. కానీ ఎంత బరువైతే జేబుకు భారం, ఎన్నిసార్లు తట్టాల్సి వస్తే విసుగు అన్నవి ఒక్క రూపాయి చిప్ కొనకుండానే తేలిపోయాయి. 1996లో ఆ కంపెనీ ‘పైలట్’ వచ్చింది, బాగా అమ్ముడుపోయింది.

హైదరాబాద్‌కి ఈ ఉద్యోగం ఆలస్యంగా వచ్చింది. మైక్రోసాఫ్ట్ 1998లోనే ఇక్కడ అభివృద్ధి కేంద్రం తెరిచినా, మన ఐటీలో ఎక్కువ భాగం సర్వీసుల పని. ఏం చేయాలో అమెరికా క్లయింటు నిర్ణయిస్తాడు, ఎప్పటిలోగా చేయాలో ఇక్కడి ప్రాజెక్ట్ మేనేజర్ చూసుకుంటాడు. వాడేవాడి ముఖం ఇద్దరిలో ఎవరైనా చూశారంటే అది క్లయింటే. అందుకే ఫణీంద్ర సామా కథ చెప్పుకోవాలి. బెంగళూరులో ఇంజినీరుగా ఉన్న ఈ తెలంగాణ కుర్రాడు 2005 దీపావళికి ఇంటికి రావాలనుకున్నాడు, బస్సు టికెట్ దొరకలేదు. ఏజెంట్ల చుట్టూ తిరిగాడు. ఏ బస్సులో ఎన్ని సీట్లు మిగిలాయో ఒక్క ఏజెంటుకీ పూర్తిగా తెలియదని అర్థమైంది. బిట్స్ పిలానీ స్నేహితులతో కలిసి బస్సు యజమానుల కోసం ఒక సాఫ్ట్‌వేర్ రాశాడు. ఒక్కరూ తీసుకోలేదు. ఫోనూ రిజిస్టరూ చేతిలో ఉండగా వాళ్లకి కంప్యూటర్ దేనికి? దాంతో బల్ల తిప్పేసి, ప్రయాణికులకే నేరుగా సీట్లు అమ్మడం మొదలుపెట్టారు. అదే 2006లో వచ్చిన రెడ్‌బస్. సీట్లు ఖాళీ లేకుండా అమ్ముడుపోవడం కళ్లారా చూశాక, మొదట వద్దన్న సాఫ్ట్‌వేర్‌ని యజమానులే తర్వాత తీసుకున్నారు. 2013లో ఐబిబో గ్రూపు రెడ్‌బస్‌ని కొనేసింది.

ఈమధ్య ఈ వృత్తి మీద తిరుగుబాటు కూడా వచ్చింది. 2023 జూన్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో డిజైనర్ల పెద్ద సభ జరిగింది. ఎయిర్‌బీఎన్‌బీ అధినేత బ్రయన్ చెస్కీ వేదికెక్కి, పాత తరహా ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్‌ని తమ కంపెనీలో తీసేశామన్నాడు. హాల్లో చప్పట్లు. ఏళ్ల తరబడి ఏ అధికారం లేకుండానే తమ బొమ్మలకు అడ్డుపడే మనిషి మీద డిజైనర్లకు ఎంత కసి పేరుకుందో ఆ చప్పట్లే చెప్పాయి. తీరా చెస్కీ తర్వాత వివరించిన దాని ప్రకారం, ఉద్యోగం పోలేదు. ప్రొడక్ట్ మేనేజర్ పనిలో ప్రొడక్ట్ మార్కెటింగ్‌ని కలిపారు. గడువుల లెక్కలు ప్రోగ్రామ్ మేనేజర్లకు అప్పగించారు. మనుషుల సంఖ్య తగ్గించి, అనుభవం ఉన్నవాళ్లనే ఉంచారు. ఏం తయారుచేయాలో చూసేవాడే ఇప్పుడు అక్కడ దాన్ని జనానికి ఎలా చెప్పాలో కూడా చూసుకోవాలి. డిజైనర్లు మాత్రం ఇప్పటికీ అతని కింద లేరు.